ఎవరి పాదు కాయ

"చెత్తబండి సందు దాటిపోయిందిరా. ఇంకా ఆ ఖాళీ బకెట్టులోకి తొంగి చూస్తావేం? కడిగి లోపల పెట్టు!"

అత్తయ్య గుమ్మంలో నిలబడి అరుస్తోంది. మా ఆయన మెట్ల మీద బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బకెట్టు అడుగున తడిసిన టీపొడి, నాలుగు ఉల్లిపొరలు తప్ప ఏమీ లేవు.

నేను స్నానాల గది తలుపు దగ్గర, తువ్వాల్లో చుట్టిన బుడంకాయని ఎత్తుకుని అలాగే నిలబడిపోయాను. బుడంకాయ అంటే మా పాప. మూడేళ్ళది. పొట్టిగా, గుండ్రంగా ఉంటుందని వాళ్ళ నాన్నే పెట్టాడు ఆ పేరు.

"పారేసింది సొరకాయేగా," అన్నాడు మా ఆయన, ఎవరి మొహమూ చూడకుండా. "బండివాడెవడో నీ అమాయకత్వం చూసి అంటగట్టాడనుకున్నా. ఒక పక్క ఉబ్బి, ఒక పక్క పీక్కుపోయి, నడుం దగ్గర నొక్కుకుపోయి ఉంది. అలాంటిది తగిలితే నా చెయ్యి ఆగదు. కూరగాయల మండీలో పొద్దున్నుంచీ పనికిరానివి ఏరి తీసెయ్యడమేగా నా పని."

"బండివాడు అంటగట్టలేదు," అన్నాను.

"మరి?"

"డాబా మీద కాసింది."

"ఏ డాబా మీద?"



అరవడానికి నా దగ్గర చాలానే ఉంది. విత్తనం నాటిన దగ్గర్నుంచీ చెప్పుకొస్తే ఆ పూటకి సరిపోయేంత ఉంది. కానీ తన నెత్తి మీదే ఉన్న డాబాని "ఏ డాబా" అని అడిగిన మనిషికి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి? బుడంకాయ చెవిలో నీళ్ళు ఉండిపోయాయేమో, జలుబు చేస్తుందేమో అని దాని తల తుడుస్తూ లోపలికి వెళ్ళిపోయాను.

వెనకనుంచి అత్తయ్య గొంతు వినబడింది. "వెళ్ళిపోయింది చూడు. తిట్టినా బాగుండేది."

ఆ రోజునుంచి నేను ఆయనతో మాట్లాడలేదు.

అలిగానని అత్తయ్య అనుకుంది. అలగాలంటే బుజ్జగిస్తారన్న ఆశ ఉండాలి కదా. నాకు అదీ లేదు. ఆయన చీకటితోనే మండీకి వెళ్ళిపోతాడు. మధ్యాహ్నం వచ్చి, రెండు ముద్దలు తిని, గోడవైపు తిరిగి పడుకుంటాడు. ముందు మాత్రం ఏం మాట్లాడుకున్నాం? "ఉప్పు", "పాలు తెచ్చారా", "పాపకి ఒళ్ళు వెచ్చగా ఉందా చూడండి". అవి కూడా మానేశాను. ఇంట్లో పెద్ద తేడా ఏమీ కనబడలేదు. అందుకే మరీ దిగులేసింది.

పెద్ద తేడా కనబడింది అత్తయ్యకే.

"ఏమే, సొరకాయ పోతే ఇల్లు మూగబోవాలా? మీ మావగారు పోయినప్పుడు కూడా నేను ఇన్నాళ్ళు మూతి బిగించుకు కూర్చోలేదు."

"మీ అబ్బాయితో మాట్లాడటానికి ఏముంది అత్తయ్యా?"

"మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోడానికి ఏదో ఒకటి ఉండాలా? ఊరికే మాట్లాడుకుంటారు. వాడు పొగరుతో పారెయ్యలేదు కదా. వంకర కాయ తెచ్చి ఎవడో నిన్ను మోసం చేశాడని కడుపు మండి పారేశాడు."

"ఒక్కసారన్నా పైకొచ్చి చూశాడా?"

"వాడికి కాళ్ళు తీపులు."

"పోనీ మీరు చూశారా?"

"నీ మోకాళ్ళు నాకియ్యి, ఇప్పుడే ఎక్కుతా."

నాకు నవ్వు వచ్చింది కానీ నవ్వలేదు. నవ్వితే గెలిచానని వెళ్ళి కొడుక్కి చెప్పేస్తుంది.

"ఆ మెట్లు నా ఒక్కదానికే వేసినట్టున్నాయి," అన్నాను.

 అత్తయ్య చీపురు తీసుకుని, ఊడ్చిన గదినే మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన చొక్కా లోపల ఏదో దాచుకుని ఇంట్లోకి వచ్చాడు. వంటగట్టు మీద పెట్టి పక్కకి జరిగాడు.

సొరకాయ. అద్దంలా ఉంది. మెడ దగ్గర సన్నగా మొదలై, గీత గీసినట్టు కిందికంటా ఒకే తీరుగా దిగింది. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. లేతాకుపచ్చ రంగు, పైన సన్నటి నూగు ఇంకా రాలలేదు.

"ఫస్టు రకం," అన్నాడు గట్టుతో చెప్పినట్టు. "ఈ వారంలో నా చేతికొచ్చినవాటిలో ఇలాంటిది ఇదొక్కటే."

నేను పాలగిన్నె కడుగుతున్నాను. కడుగుతూనే ఉన్నాను.

అత్తయ్య కాయని చేత్తో తడిమి చూసింది. వెంటనే మొహం మార్చేసింది. "ఒరేయ్, మండీలోంచి ఆకు కూడా బయటికి తేనివ్వరంటావుగా? సంచిలో నాలుగు మిరపకాయలు దొరికాయనేగా నీతో పనిచేసేవాణ్ణి పంపించేశారు? ఇది ఎలా తెచ్చావు?"

"తెచ్చాను. అంతే. వండుకోండి."

"ఎవరైనా చూస్తే?"

"చూడలేదుగా. దానిది నేను పారేసింది సొరకాయే. తెచ్చింది సొరకాయే. అక్కడికి చెల్లు."

చెల్లు. నా చేతిలో గిన్నె జారి తొట్టిలో పడింది. ఆ చప్పుడుకి బుడంకాయ ఉలిక్కిపడి ఏడ్చింది. దాన్ని ఎత్తుకుని నేను పైకి వెళ్ళిపోయాను.

ఆ కోపంలో అత్తయ్య అన్న మాట నా చెవిని తాకింది కానీ లోపలికి దిగలేదు. నేను ప్రతిదానికీ భయపడే మనిషిని. గ్యాసు కట్టానా లేదా అని సగం దారినుంచి వెనక్కి వస్తాను. పిల్ల తుమ్మితే నుదురు పట్టి చూస్తాను. భయపడాల్సిన ఆ ఒక్క మాట దగ్గర మాత్రం భయపడటం మర్చిపోయాను.

డాబా మీద పిట్టగోడ నా మోకాలెత్తు కూడా ఉండదు. అందుకే పైకి వెళ్ళినప్పుడల్లా పాత దుప్పటి చింపిన గుడ్డ ఒక కొన బుడంకాయ నడుముకీ, రెండో కొన నా నడుముకీ కట్టుకుంటాను. అది ఎటు పరిగెత్తినా నేను కదలాలి. నేను ఎటు వంగినా అది కదలాలి. కింద వీధిలో జనం, ఎదురింటి కిటికీల్లో దీపాలు. ఎవరూ తల పైకెత్తరు. ఆ ఎత్తులో మేమిద్దరం, పాదు.

పాత పెయింటు డబ్బా అడుగున మేకుతో చిల్లులు పొడిచి, రోడ్డు తవ్విన చోటనుంచి సంచుల్లో మట్టి మోసుకొచ్చి పోశాను. పిల్లని ఒక చంకన, సంచిని ఒక చంకన పెట్టుకుని మూడు అంతస్తులు ఎక్కాను. తీగ బట్టలారేసే తీగల మీదికి పాకింది. పూలు పూసింది. తెల్లటి పూలు, పొద్దు వాలాక విచ్చుకుంటాయి. అన్నీ రాలిపోయాయి. తర్వాత కొన్ని పూల కింద గోరంత కాయ కనబడింది. ఎగిరి గంతేశాను. అవీ పండుబారి రాలిపోయాయి.

బళ్ళో ఉన్నప్పుడు పువ్వు బొమ్మ గీయించారు. భాగాల పేర్లు రేపు రాయిద్దామన్నారు. ఆ రేపటికి నేను బడి మానేశాను. బొమ్మ మాత్రం కళ్ళకి కట్టినట్టు గుర్తుంది, పేర్లే లేవు. పేర్లు లేకపోయినా చూడగా చూడగా అర్థమైంది. పొడుగు కాడ పువ్వు వేరు, కింద కాయ ఉన్న పువ్వు వేరు. దీని పొడి దానికి అంటాలి. ఇంత ఎత్తుకి తేనెటీగ రాదు. రాకపోతే నేనే అంటించాలి.

చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి తిరిగి చూసి, పొడుగు కాడ పువ్వు తెంపి, రేకులు తీసేసి, రెండో పువ్వుకి అద్దాను. సరిగ్గా అప్పుడే బుడంకాయ గుడ్డ పట్టి లాగింది. ఒక పక్కకే తగిలింది. మళ్ళీ అద్దేలోపు అది పిట్టగోడ వైపు పరిగెత్తింది. దాని వెనక నేను.

కాయ నిలిచింది. కానీ ఒక పక్కే ఉబ్బింది. నా పిల్ల నన్ను లాగిన లాగుడంతా ఆ కాయలో కనబడుతుంది. బరువుకి తీగ తెగుతుందేమోనని దిండుగలీబుతో ఉయ్యాల కట్టాను.

కోసి కిందికి తెచ్చి వంటగట్టు మీద పెట్టి, పాపకి స్నానం పోసి వచ్చేలోపు దాన్ని ఆయన వేళ్ళు ఒక్కసారి తడిమి, పనికిరాదని తేల్చేశాయి.

ఇప్పుడు పాదు మీద ఆకులున్నాయి, ఖాళీ గలీబు ఉంది. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను. కింద అత్తయ్య గిన్నెల చప్పుడు, ఆయన దగ్గు వినబడుతున్నాయి. ఒక్క అడుగు చప్పుడు కూడా మెట్ల వైపు రాలేదు.

మర్నాడు పొద్దున కూడా ఆ అద్దంలాంటి సొరకాయ గట్టు మీదే ఉంది. నేను కొయ్యలేదు. అత్తయ్య కొయ్యబోతే కత్తి తీసి దాచేశాను.

"ఇదేం మొండితనమే? తిండితోనా నీ పంతం?"

"అది నాది కాదు అత్తయ్యా."

"మరి ఎవరిది?"

"వాళ్ళ మండీది. వాళ్ళదే వాళ్ళకి ఇచ్చేస్తాను."

"ఇచ్చేస్తావా? ఏమని?"

నాకూ తెలీదు ఏమనో. ఆయన చేతిలో పెట్టి, చెల్లు కాలేదని చెప్పాలి. అంతవరకే ఆలోచించాను. పుట్టింటికి పోదామంటే అమ్మ లేదు. అన్నయ్య ఇంట్లో వదిన మొదటిరోజు కాఫీ ఇస్తుంది, రెండోరోజు బస్సులు ఎప్పుడున్నాయో చెబుతుంది. కోపం వచ్చినప్పుడు వెళ్ళడానికి నాకు ఒక్క చోటూ లేదు. ఆయన పనిచేసే చోటుకే వెళ్ళాలి.

అత్తయ్య స్నానానికి వెళ్ళగానే కాయని గుడ్డసంచిలో వేసుకుని, బుడంకాయని చంకనేసుకుని బయల్దేరాను.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ మండీ గురించి వినడమే కానీ చూడలేదు. పెద్ద రేకుల షెడ్డు. తడిసిన గోనెల వాసన, కాళ్ళ కింద చితికిన క్యాబేజీ ఆకులు. లారీలు వెనక్కి వస్తుంటే ఎవడో రేకు మీద కొడుతూ "రానియ్, రానియ్" అంటున్నాడు. పిల్ల కాలు ఎక్కడ చక్రం కింద పడుతుందోనని దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, "అమ్మా, నొప్పి," అంది.

మా ఆయన ఎత్తు దిమ్మె మీద నిలబడి ఉన్నాడు. ముందు గోనెపట్టా మీద సొరకాయల గుట్ట. నన్ను చూడలేదు.

"ఒకటి. ఒకటి. రెండు. తీసెయ్. ఒకటి. తీసెయ్. తీసెయ్."

అది లెక్క కాదు, కాయల రకం. ఇంట్లో అంత గొంతుతో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కళ్ళు ఎటో ఉన్నాయి. చేతులే చూస్తున్నాయి. కాయని ఎత్తడం, తిప్పడం, బొటనవేలు నడుం మీదుగా పోనివ్వడం, పక్కకి పెట్టడం. ఒక్క కాయ దగ్గరా ఆయన ఊపిరి తీసుకునేంతసేపు ఆగడం లేదు.

'తీసెయ్' అన్నవి దిమ్మె అంచుకి చేరుతున్నాయి. కింద ఒకావిడ నేల మీద కూర్చుని వాటిని ఒక్కొక్కటే అందుకుంటోంది. మా అమ్మ వయసు ఉంటుంది. ఎండకి మాడిన చేతులు. తలగుడ్డ కొసతో ఒక్కో కాయకీ అంటిన మట్టి తుడిచి వరసగా పేరుస్తోంది. ఏడవటం లేదు, బతిమాలటం లేదు. ఎవరితోనూ మాట్లాడటం లేదు.

దగ్గరికి వెళ్ళాను. ఆమె పేర్చిన వరస చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. ఒక పక్క ఉబ్బి, ఒక పక్క పీక్కుపోయి. నడుం దగ్గర నొక్కుకుపోయి. ఒకటి కాదు, వరస పొడుగునా.

"పెద్దమ్మా," అన్నాను. "పూలకి తేనెటీగలు రాలేదా?"

ఆమె చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. తలెత్తి నన్ను, నా చంకలో పిల్లని చూసింది.

"ఇక్కడ ఆ మాట అడిగినవాళ్ళు లేరు తల్లీ. ధర అడుగుతారు, బరువు అడుగుతారు. నీకెలా తెలుసు?"

"మా డాబా మీద ఒక పాదు ఉంది."

"ఒకటా?" అని నవ్వింది. వెక్కిరింపు లేదు అందులో. పసిపిల్ల అడుగులేస్తే నవ్వినట్టు నవ్వింది. "కూర్చో. పిల్లని దింపు, ఏమీ కాదులే. నిన్న తెచ్చినవీ ఇలాంటివే. రాలేదమ్మా ఈగలు. పువ్వు విచ్చుకునే వేళకి రోజూ వాన. వానలో ఈగ ఎక్కడ తిరుగుతుంది? మా ఆయనా నేనూ గొడుగు పట్టుకుని చేత్తోనే అద్దాం."

"పొలం మొత్తమా?"

"ఎంత అందితే అంత. ఒక సాలు అయ్యేసరికి నడుం లేవదు. ఆయన గొడుగు నా మీద పట్టేవాడు కాదు, పువ్వు మీద పట్టేవాడు. నేను తడిస్తే ఆరతానట. పువ్వు తడిస్తే పోతుందట." తనే నవ్వింది. "తిట్టుకున్నాను. నిజమే మరి. అద్దినవి ఇలా అయినా నిలిచాయి. అద్దనివి అసలు లేనే లేవు."

నేను ఒక్క పువ్వుకి అద్ది, ఆ ఒక్క కాయ పోయిందని నోరు కుట్టేసుకున్నాను. ఈవిడ పొలమంతా వంగి వంగి అద్దింది. ఇంకా మాట్లాడుతోంది, నవ్వుతోంది. నాకు సిగ్గేసింది అనను. పక్కన కూర్చోవాలనిపించింది, కూర్చున్నాను. ఎన్నో రోజుల తర్వాత నా మాట అర్థమయ్యే మనిషి పక్కన కూర్చున్నాను.

"నీది ఎన్ని కాసింది?"

"ఒకటే."

"తిన్నారా?"

"పారేశారు."

"ఎవరమ్మా అంత పాపం చేసింది?"

 నా చూపు దానంతటదే దిమ్మె మీదికి పోయింది. ఆమె చూపు కూడా నా వెనకే వెళ్ళింది.

"ఆ అబ్బాయా? మీ ఆయనా?" అని చేతిలో కాయని వరసలో పెట్టింది. "పోన్లే. అందరివీ తీసేస్తాడు, ఇంట్లోదీ తీసేశాడు. కానీ తల్లీ, మెల్లిగా పెడతాడు చూశావా? వేరేవాళ్ళు విసురుతారు. కాయ పగిలితే బీదా బిక్కీ కూడా కొనరు. ఈ అబ్బాయి చెయ్యి మంచిది. వేరుచెయ్యమని పెట్టారు కాబట్టి వేరుచేస్తాడు."

అప్పుడు చూశాను. నిజమే. తీసెయ్ అన్న కాయని ఆయన అంచుదాకా వంగి, చప్పుడు కాకుండా పెడుతున్నాడు.

"నాన్నా!" అని అరిచింది బుడంకాయ.

'ఒకటి' అనబోయిన గొంతు సగంలో ఆగింది. మా ఆయన మమ్మల్ని చూశాడు. చేతులు తుడుచుకుంటూ దిమ్మె దిగి గబగబా వచ్చాడు.

"పాపకి ఏమైంది? జ్వరమా?"

"ఏం కాలేదు."

"అమ్మకా?"

"ఎవరికీ ఏం కాలేదు."

"మరి ఇక్కడికెందుకొచ్చావ్?"

అన్ని రోజుల తర్వాత నేను ఆయనతో మాట్లాడాను. అది కూడా ఇంట్లో కాదు, గోనెల మధ్య. సంచిలోంచి కాయ తీశాను. రావడం అరవడానికే వచ్చాను. పెద్దమ్మ మాటలు విన్నాక గొంతులో అంత కోపం మిగల్లేదు. అయినా చెయ్యి ముందుకే చాచాను.

"ఇది మీరే ఉంచుకోండి. నాకు దీని బదులు కాయ అక్కర్లేదు. ఒక్క మాట చాలు."

ఆయన మొహంలో రంగు పోయింది. నా మాటకి అనుకున్నాను. కాదు. నా భుజం మీదుగా ఆయన నా వెనక్కి చూస్తున్నాడు.

"ఏమిటమ్మా ఆ కాయ?"

మండీ యజమాని. అందరూ పెద్దాయన అంటారు. ఎప్పుడూ గొంతు పెంచడు, అందుకే ఆయన మాట్లాడితే చుట్టుపక్కల అందరూ మాటలాపేస్తారు.

"ఆకు కూడా గేటు దాటదని చెప్పాను కదయ్యా," అన్నాడు మా ఆయనతో, చాలా నెమ్మదిగా. "ఇంటిదాకా వెళ్ళొచ్చిన కాయ ఏమిటిది?"

అప్పుడు దిగింది అత్తయ్య మాట నా లోపలికి. నాలుగు మిరపకాయలు. పంపించేశారు.

మా ఆయన నోరు తెరిచాడు. ఏం చెబుతాడో నాకు తెలుసు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. 'నేనే తీశాను సార్' అంటాడు. పాప పాలు, అద్దె, అత్తయ్య మోకాళ్ళ మందులు, అన్నీ ఒక్కసారిగా నా కళ్ళ ముందు తిరిగాయి.

"మాదే సార్," అన్నాను. "మా డాబా మీద కాసింది. ఆయనకి చూపిద్దామని తెచ్చాను."

"డాబా మీదా? ఈ కాయా?" చేతిలోకి తీసుకున్నాడు. గోరుతో నొక్కి చూశాడు. "ఇంత తీరైన కాయ పొలంలో కాయడమే కష్టంగా ఉంది ఈ ఏడు. ఏమయ్యా, నిజమేనా?"

మా ఆయన నన్ను చూశాడు. ఎంతసేపు చూశాడో తెలీదు. ఆ చూపులో భయం ఉంది, ఇంకేదో కూడా ఉంది.

"నిజమే సార్. మా ఆవిడే పెంచింది. డబ్బాలో మట్టి తనే మోసుకొచ్చి పోసింది. తీగని బట్టలారేసే తీగల మీదికి ఎక్కించింది. కాయ బరువుకి తెగకుండా దిండుగలీబుతో ఉయ్యాల కట్టింది. నేనే ఇన్నాళ్ళూ పైకి వెళ్ళి చూడలేదు. నిన్న చూశాను."

నిన్న. నేను పాపని పడుకోబెడుతున్నప్పుడు ఎక్కి ఉంటాడు. ఖాళీ గలీబు చూసి ఉంటాడు. నాతో ఒక్క మాట అనలేదు.

నాకు కావాల్సింది ఈ మాటే. నలుగురి ముందు, గట్టిగా, తడబడకుండా, 'మా ఆవిడే పెంచింది' అని. తీరా ఆయన అన్నప్పుడు పెద్దాయన చేతిలో ఉన్నది నా కాయ కాదు.

పెద్దాయన మొహం తేటపడింది. "బాగుందమ్మా. ఈసారి ఒక కాయ ముదరనిచ్చి రెండు విత్తనాలు నాకూ పంపించు," అని నవ్వి, కాయ నా చేతిలో పెట్టి కాటా వైపు నడిచాడు.

ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడే నా బొటనవేలికి గరుకుగా ఏదో తగిలింది. కాయ తొడిమ కోసిన చోట బూడిద అద్ది ఉంది. కోసిన కాయ రసం కారి వాడిపోకుండా ఎవరో జాగ్రత్తగా అద్దిన బూడిద.

దిమ్మె మీద గుట్ట వైపు చూశాను. ప్రతి కాయ తొడిమకీ బూడిద. నేల మీద పెద్దమ్మ తుడిచి పేర్చిన వంకర కాయల తొడిమలకీ బూడిదే. పక్క రైతుల గుట్టలు చూశాను. వాటికి లేదు.

తల తిప్పేసరికి పెద్దమ్మ లేచి నిలబడి ఉంది. నా చేతిలో కాయనే చూస్తోంది. ఆ వానల్లో, ఆ వంకర కాయల మధ్య, తీరుగా నిలిచిన కాయని గుర్తుపట్టడానికి ఆమెకి బూడిద కూడా అక్కర్లేదనుకుంటాను. ఒకటే కాసిందని, అది పారేశారని కాసేపటి క్రితం నేనే చెప్పాను ఆమెకి, నా నోటితో.

"అమ్మాయ్," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే తట్టుకునేదాన్ని. "తొడిమకి బూడిద అద్దమని నీకెవరు చెప్పారు?"

కాటా దగ్గర పెద్దాయన ఆగి వెనక్కి తిరిగాడు.

  పెద్దమ్మ తలగుడ్డ కొస చేత్తో పట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది. 'అది నా కాయ' అని ఒక్క ముక్క అంటే చాలు, అంతా బయటపడుతుంది. అనడం లేదు. నన్నే చెప్పమంటోంది.

కాయని రెండు చేతులతో పట్టుకున్నాను. ఆమె వైపు ఒక అడుగు వేశాను.

వెనకనుంచి మా ఆయన, నాకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లిగా, "వద్దే," అన్నాడు.